'అండీ'కీ 'ఒరేయ్'కీ మధ్య

గోదావరి జిల్లాల వారికి మర్యాద ఎక్కువని పేరు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా 'అండీ' లేనిదే వాక్యం ముగియదు. అయితే ఆ 'అండీ' ఎవరినుంచి ఎవరికి వెళ్ళింది, ఎవరికి తిరిగి రాలేదు అన్నదీ చరిత్రే.

మన ప్రాచీన కావ్యాలలో రాజునైనా దేవుణ్ణైనా 'నీవు' అని సంబోధించడం మామూలే. ఒక్క మనిషిని 'మీరు' అనడం వాడుకలో స్థిరపడ్డాక, 'నువ్వు' చనువుకూ చులకనకూ కూడా గుర్తయింది. వాడు, అతను, ఆయన, వారు అని మెట్లు ఏర్పడ్డాయి. స్త్రీ విషయంలో అట్టడుగు మెట్టు 'అది'. గొడ్డుకీ, గోడకీ వాడే మాటే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఏలూరు కాలువ కింద మెట్ట మాగాణి అయింది, భూమికి విలువ పెరిగింది. ఆసామికీ పాలికాపుకీ మధ్య మాటలోని దూరం మాత్రం తరగలేదు. సుబ్బడు, సుబ్బయ్య, సుబ్బారావుగారు - ముగ్గురి పేరూ ఒకే దేవుడిది. తోక ఏదో తేల్చినవి కులమూ, భూమీ.

కొల్లేటిలోనూ ఇంతే. 1970లలో సహకార సంఘాల పేరిట చెరువులు మత్స్యకారులకు దక్కాయి. కాలక్రమంలో చాలాచోట్ల అవి లీజుదారుల చేతికి పోయాయి. కాగితంమీద యజమాని గట్టుమీద కాపలావాడయ్యాడు. పెట్టుబడి పెట్టినవాడు 'రైతుగారు' అయ్యాడు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం అక్రమ చెరువుల గట్లు తెగగొట్టింది. పిలుపులోని గట్లు తెగగొట్టే యంత్రం మాత్రం ఇంకా రాలేదు.

దళితులను, గిరిజనులను పదిమందిలో అవమానించడం 1989 చట్టం ప్రకారం నేరం. కులం పేరుతో దూషించడాన్ని 2015 సవరణ విడిగా పేర్కొంది. చట్టం పట్టుకునేది దూషణను. కోపమేమీ లేకుండా, అలవాటుగా, ముద్దుగా కూడా అనే 'ఒరేయ్' దానికి అందదు.

చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున బంధువుల ఇంట, తాతవయసు పాలికాపుని ఎనిమిదేళ్ళ నేను 'ఒరేయ్' అని పిలిచాను. ఆయన తలపాగా తీసి 'అయ్యగారూ' అన్నారు. పెద్దలెవరూ నన్ను మందలించలేదు, నవ్వారు కూడా. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ ఇంట్లో ఆయన అందరికీ 'వాడే'.

ఆయన పూర్తి పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. అడగాలని అప్పుడు తోచనే లేదు.