శునక రక్షణము

ధర్మరాజు తన్ను నమ్మిన శునకమును విడిచి స్వర్గమున కేగ నొల్లడయ్యెనని నేను బడిపిల్లలకు పలుమార్లు చెప్పితిని. అట్టి పట్టుదల మన దేశచరిత్రమునందును గలదు.

1832వ సంవత్సరమున బొంబాయి నగరమున దిక్కులేని కుక్కలను జంపుటకు ఆజ్ఞ పుట్టెను. చంపిన కుక్క కింత యని బంట్లకు సొమ్ము ముట్టుటచే, పెంపుడు కుక్కలును హతములయ్యెనని ప్రజలు మొఱపెట్టిరి. శునకమును పవిత్రముగా నెంచు పారసీలు అంగళ్లు మూసి తిరుగబడిరి; సేన వచ్చి యణచెను.

కలహము కుక్కల కడుపు నింపలేదు. 1834లో జంషెట్జీ జీజీభాయి, మోతీచందు అమీచందు మొదలగు వర్తకులు తమ సరకులపై స్వల్పమగు సుంకము తామే విధించుకొని, పాంజరాపోలు నెలకొల్పి, దిక్కులేని జంతువులకు గ్రాసమును నీడయు గల్పించిరి.

ఆగ్రహ మొకనాటిది, గ్రాసము నిత్యమును గావలయును. కావున కుక్కపిల్లలను పొలిమేర దాటించి విడుచుటకంటె, ఇంటి కొకదానిని జేపట్టుట మేలని నా మనవి.