లోహానికీ ఎముకకూ పొత్తు కుదిరిన చరిత్ర

విరిగిన ఎముకను సరిచేసి కట్టు కడితే అది మళ్ళీ అతుక్కుంటుందన్న సంగతి పుత్తూరు కట్టును ఎరిగిన తెలుగువారికి కొత్త కాదు. అయితే అరిగిన తుంటి కీలుకు బదులు లోహపు కీలును అమర్చినప్పుడు ఎముక దానిని తనదిగా స్వీకరించడం అంత సులభం కాదు. పట్టు సడలితే రోగికి తిరిగి నొప్పి, తిరిగి శస్త్రచికిత్స తప్పవు.

1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఊడిరాకపోవడాన్ని గమనించారు. ఎముక ఆ లోహాన్ని అంటుకొని పెరిగింది. 1960వ దశకంలో ఇంగ్లాండు వైద్యుడు జాన్ చార్న్లీ కృత్రిమ తుంటిని ఒక విధమైన సిమెంటుతో ఎముకలో నిలిపారు.

1980వ దశకంలో సిమెంటు అవసరం లేని మరొక మార్గం ఆచరణలోకి వచ్చింది. ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ పొడిని ప్లాస్మా జ్వాలలో కరిగించి, లోహంపై పలుచగా చిమ్మసాగారు. కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన ఈ పూతపై ఎముక కణాలు చేరి కొత్త ఎముకను నిర్మిస్తాయి. పూత మరీ మందమైతే పెచ్చులూడే ప్రమాదం ఉంది.

బెంగళూరులో 1909లో వెలసిన భారతీయ విజ్ఞాన సంస్థలోనూ ఈ రంగంలో కృషి జరిగింది. హైడ్రాక్సీఅపటైట్ మిశ్రమాలు మొదలైన జీవపదార్థాలపై పరిశోధించిన అక్కడి ఆచార్యులు బిక్రమ్‌జిత్ బసు 2013లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు.

లోహశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం చేయి కలిపినందువల్లనే లోహానికి ఎముకతో చుట్టరికం కుదిరింది. నేటి విద్యార్థులు గ్రహించవలసిన సత్యమిదే.