మా గేరి చరిత్ర - 7: భూమి మాకొచ్చింది, నీళ్ళు కిందికి పోయినాయి



పోయిన భాగం కపిల బావుల దగ్గర ఆపినాను. ఈ భాగం ఆలస్యమైంది. మా ఇంట్లో పంచాయితీ నడుస్తా ఉంది. శింగనమల మండలంలో గుట్ట కింద మా నాయన పేరున మూడున్నర ఎకరాల డి.కె.టి. పట్టా ఉంది. దాన్ని కొంటానని పక్క చీనీ తోట ఆసామి మా తమ్ముణ్ణి కలిసినాడు. మాది కలిస్తే గుట్టదాకా ఆయనకు ఒకటే కంచె అవుతుంది. నేను వద్దంటే తమ్ముడు ఒకే మాట అన్నాడు: "అన్నా, నువ్వు చరిత్ర రాస్తావు, అప్పు నేను కడతా."

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈసారి ఆ మూడున్నర ఎకరాల చరిత్రే రాస్తున్నా.

అనంతపురం అనగానే అందరూ ఒకే పాట ఎత్తుకుంటారు. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడే జిల్లా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర, దేవుడు చిన్నచూపు చూసిన సీమ. వాన తక్కువన్నది నిజమే. మా తాత కాలంలోనూ తక్కువే. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోయింది కూడా ఈ నేల మీదే. కానీ ఈ యాభై ఏళ్ళలో మా గేరి బతుకు తలకిందులైంది వాన సగటు పడిపోయినందుకు కాదు. ఆ వానతో ఏం పండించాలో ఎవరు చెప్పినారు, ఆ నీళ్ళు ఎవరి బోర్లోకి పోయినాయి, నష్టం ఎవరి ఖాతాలో రాసినారు అన్నవి మారినందుకు.

పాత కాలం బంగారమని నేను చెప్పను. పండక్కి ఊరికొచ్చి "చెరువుల కింద ఎంత చల్లని బతుకు" అనే మిత్రులు నాకూ ఉన్నారు. బుక్కరాయసముద్రం, అనంతపురం చెరువులు విజయనగర కాలానివి, పద్నాలుగో శతాబ్దం నాటివి. మా శింగనమల చెరువు జిల్లాలో పెద్ద చెరువుల్లో ఒకటి. గొప్ప పనులే, కాదనేదేముంది. కానీ చెరువు కింద మడికట్టు ఎవరిది? మా గేరిలో సెంటు కూడా ఎవరికీ లేదు. తూము తీసి మూసి, అర్ధరాత్రి కాలవ గట్టున పడుకుని, ఏ మడికి ఎన్ని గడియల నీళ్ళో చూసే నీరుగంటి మావాడు. నీళ్ళు పంచే చెయ్యి మాదే గానీ, ఆ మడిలో గింజ మాది కాదు. కోతలయినాక కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. కపిలకు తోలు తొండం కుట్టినందుకు, వార్లు, చెప్పులు చేసినందుకు, సచ్చిన గొడ్డును మోసినందుకు ఇన్ని జొన్నలు, ఇన్ని కొర్రలు. కళ్ళం బయట నిలబడి ఒడి పట్టాల. మా జేజి ఆ ఒడి గురించి చెప్పేటప్పుడు చీర కొంగు ఇప్పటికీ గట్టిగా పట్టుకుంటాది.

అయినా ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. కూలి గింజల్లో వచ్చేది. అవమానంతో వచ్చేది, కానీ తినే గింజే వచ్చేది.

ఇక భూమి. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ఇచ్చేసినాడు, దత్తమండలాలు అన్నారు. మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉండి, రైతుకే నేరుగా శిస్తు కట్టే పద్ధతికి పునాది వేసినాడు. సీమలో ఇప్పటికీ ఆయన్ను మండ్రోలయ్య అని మంచిగా తలుచుకుంటారు. నాకు కోపం లేదు. కానీ శిస్తు కట్టగలిగినోడే రైతు అని పుస్తకంలో రాసినప్పుడు, కూలికీ జీతానికీ ఉన్నోడు ఆ పుస్తకం బయటే మిగిలినాడు. చెరువు కింద నేల, వంక పక్క నేల, నల్లరేగడి అంతా పట్టా అయిపోయింది. ఎవరికీ అక్కరలేని గుట్ట వాలు, రాళ్ళ గరుసు మిగిలింది. నూట డెబ్బై ఏళ్ళ తర్వాత సర్కారు "దళితులకు భూమి" అన్నప్పుడు చేతిలో ఉన్నింది ఆ మిగులే.

మా నాయనకు పట్టా 1976లో వచ్చింది. ఇందిరమ్మ ఇరవై సూత్రాల కాలం. భూసంస్కరణల చట్టం 1973ది, వెట్టి రద్దు చట్టం 1976ది, అసైన్డు భూములు అమ్మరాదు కొనరాదు అన్న చట్టం 1977ది. మా నాయన అప్పటిదాకా ఒక ఇంట్లో జీతగాడు. పట్టా కాగితం తెచ్చుకున్న రోజు ఆ ఇంటికి పోయి "రేపట్నుంచి రాను" అని చెప్పినాడంట. మా అమ్మ ఆ కథ చెప్పేటప్పుడు నాయన సిగ్గుపడి లేచిపోయేవాడు. రెండేండ్లు రాళ్ళు ఏరినారు. ఆ రాళ్ళ కట్ట ఇంకా ఉంది, చీనీ తోట కంచె దాని మీదే వేసుకున్నారు.

మొదట్లో కొర్ర, సజ్జ వేసినారు, మధ్యలో కంది సాళ్ళు, అంచున ఆముదం, అలసంద. ఒకటి పోతే ఇంకొకటి చేతికొచ్చేది. 1980 దాటినాక మా నేలంతా శెనక్కాయ అయింది.

శెనక్కాయ కొత్త పంట కాదు. దక్షిణ అమెరికా గింజ, తెల్లోళ్ళ కాలంలో పాండిచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సు నూనె మిల్లులకు పోయింది. కానీ జిల్లానంతా అది మింగింది 1970, 80ల్లోనే. దేశానికి నూనె కావాల, 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టినారు. బ్యాంకు అప్పు దానికి, బీమా దానికి, సబ్సిడీ విత్తనం దానికి. ఒక దశలో ఒక్క అనంతపురం జిల్లాలోనే ఏడెనిమిది లక్షల హెక్టార్లు శెనక్కాయ. దేశంలో ఇంకే జిల్లాలోనూ అంత లేదు. మొదటి పదేండ్లు డబ్బు కూడా కనబడింది, అబద్ధం చెప్పకూడదు. మా ఇంటికి రేకులు పడింది శెనక్కాయ డబ్బుతోనే. నేను కాలేజీకి పోయింది దాంతోనే.

అసలు చిక్కు విత్తనంలో ఉంది. కొర్రకు ఎకరాకు రెండు మూడు కిలోల గింజలు చాలు, కుండలో దాచుకోవచ్చు. శెనక్కాయకు యాభై కిలోల దాకా కావాల. కరువు ఏడాది ఆ యాభై కిలోలు ఇంట్లో మిగలవు, తినేస్తాం లేదా అమ్మేస్తాం. జూన్‌లో విత్తనానికే అప్పు. వాన ఎగ్గొడితే విత్తనమూ పోయె, అప్పూ మిగిలె. పైగా మాది గరుసు నేల. ఊడలు దిగేటప్పుడు నెల రోజులు ఎండితే పై నేల గట్టిపడి ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. నల్లరేగడి ఆసామికి సగం పోతే మాకు మొత్తం పోయేది.

ఈ పంటను వాన నమ్మకం లేని నేల మీద భారీగా పెట్టి చూసిన దేశం మనకంటే ముందు ఒకటుంది. తూర్పు ఆఫ్రికాలో ఇప్పటి టాంజానియా, అప్పుడు బ్రిటిషోళ్ళ చేతిలో టాంగన్యీకా. యుద్ధం అయినాక బ్రిటన్‌లో నూనెకు కటకట. 1947లో కోంగ్వా అనే చోట శెనక్కాయ పథకం మొదలుపెట్టినారు. ముప్పై లక్షల ఎకరాలకు పైగా వేస్తామన్నారు. అది గోగో జనం పశువులు మేపుకునే నేల. ట్రాక్టర్లు దింపి అడవి పెరికినారు. వాన రాలేదు. ఎండకు ఆ నేల ఇటుకలాగా గట్టిపడి, కాసిన కాయ కూడా పెరకడానికి రాలేదు. 1951 జనవరిలో పథకం ఎత్తేసినారు. మూడున్నర కోట్ల పౌండ్లకు పైగా సర్కారు నష్టం కింద రాసేసుకుంది. పార్లమెంటులో మంత్రిని నిలబెట్టి అడిగినారు. ఇంకో ముచ్చట, 1960ల్లో స్వతంత్ర టాంజానియా అదే కోంగ్వాలో మండేలా పార్టీ ఏఎన్‌సీ వాళ్ళకు, మొజాంబిక్, నమీబియా పోరాటకారులకు శిబిరాలిచ్చింది. తెల్లోడి శెనక్కాయ మాడిన చోట తెల్లోడి మీద పోరాడే వాళ్ళు తర్ఫీదు అయినారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోంగ్వాలో పంట పోయింది సర్కారుది. నాలుగేండ్లలో తెలిసొచ్చి ఆపేసినారు. మా దగ్గర అదే తప్పు నలభై ఏండ్లు నడిచింది, ఎందుకంటే నష్టం లక్షల ఇండ్లకు చిన్న చిన్న ముక్కలుగా పంచబడింది. మా మూడున్నర ఎకరాల నష్టం గురించి ఏ పార్లమెంటులో ఎవరిని నిలబెట్టాల?

గేరిలో ఇంకోటి జరిగింది. కూలి గింజలు పోయి కూలి డబ్బులు వచ్చినాయి. అది మంచిదే, ఒడి పట్టే పని తప్పింది. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు పోయినాయి, తొండం కుట్టే పని పోయింది, దాంతోపాటే మేర. శెనక్కాయతో సంగటి కాదు కదా. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రాకపోయుంటే మా గేరిలో సగం మంది అప్పుడే బెంగళూరు బస్సెక్కేవాళ్ళు. ఆ బియ్యాన్ని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు మంట. ఇప్పుడు కొర్రలు పట్నంలో షుగరు ఉన్నోళ్ళ తిండి, మా కూలి డబ్బుతో కొనలేని తిండి.

1990ల మధ్యలో పామాయిల్ దిగుమతులకు తలుపులు తీసినారు, ధర కుంగింది. 2000లో తెగులు పడింది. మొవ్వ మాడి చెట్టు నిలువునా ఎండిపోయేది. జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైన పంట దెబ్బతినింది, నష్టం మూడు వందల కోట్లని లెక్క. ఆ వైరస్‌ను దాచిపెట్టేది వయ్యారిభామ మొక్క. దాని పుప్పొడి తామర పురుగుల వెంట శెనక్కాయ ఆకు మీదికి చేరుతుంది. బీడు పెరిగేకొద్దీ వయ్యారిభామ, అది పెరిగేకొద్దీ తెగులు. ఊళ్ళల్లో పురుగుమందు డబ్బా ఎవరింట్లో ఖాళీ అయిందో ఆ ఏడాదుల్లో నేను చెప్పాల్సిన పని లేదు.

తోటలు తట్టుకున్నాయి. తోటకు బోరు ఉంది గనక. 1998లో ఒక పథకం కింద మాకూ బోరు వేసినారు, 220 అడుగుల్లో రెండించుల నీళ్ళు. అమ్మ ఆ నీళ్ళను నెత్తిన పోసుకుంది. కరెంటు కనెక్షన్ రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆలోపు పక్క తోటలో మూడు బోర్లు దిగినాయి, మాకంటే లోతుగా. కనెక్షన్ వచ్చిన ఎండాకాలానికి మా మోటారు గాలి లాగింది. బోరుకూ బోరుకూ ఎడం ఉండాలన్న వాల్టా చట్టం 2002లో వచ్చింది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది, నీళ్ళున్న బోరుకు. చీనీ చెట్టు కింద తడి ఎప్పుడు చూసినా, మా 220 అడుగులు ఆ తడిలోనే ఉన్నాయనిపిస్తుంది నాకు.

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ మా నియోజకవర్గానికే వచ్చినారు. నార్పల మండలం బండ్లపల్లిలో దేశానికంతా ఉపాధి హామీ పథకం మొదలైంది. ఎస్సీ, ఎస్టీల భూముల్లో పనులు చేసుకోవచ్చని ఆ చట్టంలో ఉండింది. మా అమ్మ తన నేలలో తానే కట్ట వేసుకుని కూలి తీసుకున్న వారం, బ్యాంకు పాసుబుక్కు నాకు రెండుసార్లు చదివి వినిపించమంది. ఆ కట్ట వల్లనే ఇప్పటికీ రెండు వానలకు కంది నిలబడుతుంది.

ఇంక అమ్మకం సంగతి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం అసైన్డు చట్టాన్ని సవరించింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే పూర్తి హక్కు, అమ్ముకోవచ్చు. 2024లో ప్రభుత్వం మారినాక, అక్రమాలు జరిగినాయని ఆ రిజిస్ట్రేషన్లు నిలిపినారు. రెండు పార్టీలూ ఎవరి వాదన వాళ్ళు చెప్పుకుంటారు. నా ప్రశ్న చిన్నది. అమ్మే హక్కు లేనన్నాళ్ళు బ్యాంకులో మా భూమికి విలువ లేదు, నిజమే. అమ్మే హక్కు వచ్చిన రోజు మొదట గుర్తొచ్చింది చీనీ తోటకు, మాకు కాదు. అదీ నిజమే.

తమ్ముడి అప్పు నాలుగు లక్షలు. రెండు బోర్లకు, మా అమ్మ ఆపరేషన్‌కు అయింది. అతను బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. భూమి ఉంచమని చెప్పే నేను నెలజీతగాణ్ణి. ఈ తేడా దాచి ఈ పోస్టు రాస్తే దొంగతనం అవుతుంది.

కాబట్టి ఆ అప్పులో సగం నేను తీసుకుంటానని నిన్న ఫోన్లో చెప్పినా. ఈసారి శెనక్కాయ వద్దు, కొర్ర, కంది వేద్దామన్నా. "కొర్ర ఎవరు కోస్తారు, నువ్వొస్తావా?" అన్నాడు. వస్తానన్నా. నవ్వినాడు, నమ్మలేదు. ఆదివారం ఇద్దరం ఊర్లో కూర్చుంటాం. పట్టా కాగితం ట్రంకు పెట్టెలోంచి తీసి పెట్టమని అమ్మకు చెప్పినాము. మడతల దగ్గర చినిగిపోయింది, ముట్టుకోవద్దండి అని ఆమె అప్పుడే గదమాయించింది.