‘99.9 శాతం అందుబాటు’ అంటే ఏడాదికి ఎన్ని గంటలు సర్వర్ డౌన్?

దరఖాస్తు నింపి ‘సబ్మిట్’ నొక్కగానే ‘సర్వర్ డౌన్’ అని వస్తుంది. అదే పోర్టల్ 99.9 శాతం అందుబాటులో ఉందని అధికారులు చెబుతారు. రెండూ నిజమే కావచ్చు. ఎలాగో చూడండి.

శాతాల లెక్క ఏంటి?

ఏడాదికి 8,760 గంటలు. 99 శాతం అందుబాటు అంటే 87 గంటల 36 నిమిషాలు సేవ ఆగినా మాట తప్పినట్టు కాదు. 99.9 శాతమైతే 8 గంటల 46 నిమిషాలు. 99.99 శాతమైతే దాదాపు 53 నిమిషాలు. ఆ సమయం అర్ధరాత్రి పోయిందా, ఉదయం 10 గంటలకు తత్కాల్ టికెట్ల వేళ పోయిందా అన్నది శాతంలో కనిపించదు.

ఎలా కొలుస్తారు?

రెండు సగటులు కావాలి. సర్వర్ ఆగకుండా ఎంతసేపు నడిచింది? ఆగాక మళ్లీ లేవడానికి ఎంతసేపు పట్టింది? సగటున 100 గంటలు నడిచి గంట ఆగితే అందుబాటు 99 శాతం. ఆరు నిమిషాల్లోనే లేస్తే 99.9 శాతం. అందుకే లోపం వచ్చినా వెంటనే తేరుకునేలా సాఫ్ట్‌వేర్ రాస్తారు.

రెండో సర్వర్ ఉంటే చాలదా?

99 శాతం సర్వర్లు రెండు పెడితే లెక్క ప్రకారం 99.99 శాతం రావాలి. ఒకదాని లోపంతో మరోదానికి సంబంధం లేనప్పుడే ఇది నిజం. రెండింటిలో ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే లోపం ఉంటే రెండూ కలిసే పడిపోతాయి. ఆగే సమయంలో పదో వంతు ఇలాంటిదైతే చాలు, అందుబాటు 99.9 శాతం దాటదు.

2024 జులై 19న జరిగింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని ఒక్క లోపంతో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ అప్‌డేట్‌ను 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని సిబ్బంది ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది. పూర్తిగా కోలుకోవడానికి రోజులు పట్టింది.

మీరు ఏం అడగాలి?

* శాతం లెక్కించింది నెలకా, ఏడాదికా?
* ముందే ప్రకటించిన మరమ్మతు సమయాన్ని లెక్కలోంచి తీసేశారా?
* సర్వర్ ఆన్‌లో ఉందని మాత్రమే చూశారా? దరఖాస్తు చివరిదాకా పూర్తవుతోందో లేదో చూశారా?

మూడోదే కీలకం. లాగిన్ అయ్యి, ఫీజు దగ్గర ఆగిపోతే మీకు సేవ అందనట్టే. రికార్డులో మాత్రం సర్వర్ నడుస్తున్నట్టే ఉండొచ్చు. ఏ శాతమైనా సగటే. మీ గడువు రోజుకు అది హామీ కాదు. చివరి తేదీ దాకా ఆగకండి.