వేంగి నేల మీద చదువులు: ఊళ్లో ఉన్న బడి, ఊరి బడి

అమెరికా చిన్న పట్టణాల్లో ప్రభుత్వ బడి ఖర్చులో గణనీయమైన వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది. చాలాచోట్ల బడి బోర్డును ఓటేసి ఎన్నుకునేదీ అక్కడివాళ్లే. అందుకే అది ఊరి బడి. ఏలూరు జిల్లా పెదవేగిలో కథ వేరు. ఇక్కడ పెద్ద విద్యాసంస్థలకు చోటిచ్చింది ఊరు, పెట్టింది ప్రభుత్వం.

ఈ తీరు పాతదే. శాలంకాయన వంశపు రాజు నందివర్మ వేంగీపురం (నేటి పెదవేగి) నుంచి ఇచ్చిన కొల్లేరు తామ్రశాసనం, వివిధ గోత్రాలూ వేదశాఖలూ గల 157 మంది బ్రాహ్మణులకు ఒక పల్లెను దానం చేసింది. చదువుకున్నవారి పోషణకు పల్లె ఆదాయాన్ని రాజు రాసిచ్చాడు. పల్లెవాసుల పిల్లలు ఏం చదివారో శాసనం చెప్పదు. దానపత్రాలకు ఆ పట్టింపు ఉండదు కూడా. 7వ శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ ఈ ఆంధ్ర దేశంలో 20కి పైగా బౌద్ధ సంఘారామాలనూ సుమారు 3,000 మంది భిక్షువులనూ పేర్కొన్నాడు. తర్కవేత్త దిఙ్నాగుడు ఈ ప్రాంతంలోనే గ్రంథరచన చేశాడనీ రాశాడు.

నేటి పెదవేగిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. 1986 జాతీయ విద్యావిధానం ఊతంగా విస్తరించిన ఈ బడులకు స్థలం రాష్ట్రం ఉచితంగా ఇవ్వాలి, నిర్వహణ ఖర్చు కేంద్రానిది. ఆరో తరగతి ప్రవేశం పరీక్ష ద్వారానే. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. పేద ఇంటి పిల్లకు ఇది నిజంగా వరమే, కాదనలేం. అయితే పరీక్ష జిల్లా అంతటికీ. గోడ పక్కనే ఇల్లున్నా సీటు ఖాయం కాదు.

ఊరివాళ్లతో ఎక్కువ పని ఉన్నది మరో సంస్థకు. 1995లో జాతీయ కేంద్రంగా మొదలైన భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకు రైతులే విద్యార్థులు. పండును అడ్డంగా కోస్తే పాఠం కళ్లెదుటే ఉంటుంది: డ్యూరా రకానికి మందపాటి పెంకు, పిసిఫెరాకు పెంకే ఉండదు, ఆ రెంటి సంకరమైన టెనెరాకు పలుచని పెంకు, దాని చుట్టూ నూనెనిచ్చే మందమైన గుజ్జు. తోటల్లో వేసేది టెనెరానే. ఎందుకో చెప్పడానికి అక్షరాలు అక్కర్లేదు.

ఇక పరీక్ష లేకుండా, ఫీజు అడగకుండా ఊరి పిల్లలందరినీ చేర్చుకునేది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆపై చదువుకు దగ్గరి పట్టణం ఏలూరు. అక్కడ సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945 నుంచీ, ఆడపిల్లలకు సెయింట్ థెరిసా కళాశాల 1953 నుంచీ ఉన్నాయి. పెదవేగి విద్యాచరిత్రకు నవోదయ ఫలితాలనూ తామ్రశాసనాలనూ మాత్రమే ఆధారం చేసుకుంటే సగం చరిత్రే వస్తుంది. పరిశోధకులు ముందు తిరగేయాల్సింది జిల్లా పరిషత్ బడి అడ్మిషన్ రిజిస్టర్లను.