రెండు ఇళ్ల పిల్లలు, ఒక్క తండ్రి: అనంతపురం సీమలో మనోవర్తి చరిత్ర

తండ్రి ఒక్కడై, పిల్లలు వేర్వేరు ఇళ్లలో పెరుగుతుంటే వాళ్ల తిండికీ బట్టకీ చదువుకీ ఎవరు పూచీ? ఈ ప్రశ్నకు అనంతపురం సీమలో కాలానికో జవాబు వచ్చింది. బుక్కరాయసముద్రం ఆ జవాబులన్నిటినీ చూసిన ఊరు. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్టించిన చెరువు ఒడ్డున, రాజు పేరుతో ఈ ఊరు వెలిసిందని జిల్లా చరిత్రలు చెబుతాయి. విజయనగరం తర్వాత హండె పాలెగాళ్లు, మైసూరు సుల్తానులు, నిజాము ఏలిన ఈ సీమ 1800లో దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది.

పాతకాలంలో హిందువుల ఆస్తి తగాదాలకు పెద్ద ఆధారం విజ్ఞానేశ్వరుడి మితాక్షర. దాన్ని 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు చేశాడు. పెళ్లాడిన భార్యలు ఇద్దరున్నా, ముగ్గురున్నా, కొడుకులందరికీ తలకొక భాగం సమంగా రావాలన్నది మితాక్షర పద్ధతి. దక్షిణాదిలో కొన్ని కుటుంబాలు మాత్రం కొడుకుల లెక్కను పక్కనపెట్టి, భార్యల లెక్కన ఆస్తిని పంచేవి. దీన్ని పత్నీభాగం అనేవారు. ఒక తల్లికి ఒక్క కొడుకు, మరో తల్లికి నలుగురు కొడుకులు ఉంటే ఆ నలుగురూ కలిసి ఒక్కడి వాటాతోనే సరిపెట్టుకోవాలి. ఆచారం ఉన్నట్టు గట్టిగా రుజువైతేనే ఆంగ్లేయుల కోర్టులు దీన్ని ఒప్పుకున్నాయి.

పెళ్లి బయట పుట్టిన బిడ్డ హక్కు తండ్రి వర్ణాన్ని బట్టి మారేది. శూద్రుడి దాసీపుత్రుడికి ఆస్తిలో కొంత వాటా దక్కేది. ద్విజుడికి అలా పుట్టిన కొడుక్కి పోషణ తప్ప వాటా లేదు. 1857లో ప్రివీ కౌన్సిల్ కూడా ఈ తేడానే నిలబెట్టింది. పెళ్లిలో పుట్టిన ఆడపిల్లకైనా, అన్నదమ్ములుంటే, పోషణ, పెళ్లి ఖర్చు మాత్రమే. ఈ ఏర్పాటులో బిడ్డ ఆకలి కంటే ఇంటి గౌరవానికీ ఆస్తికీ ఎక్కువ బరువు ఉండేది.

బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో బసివి ఆచారం మరో దారి తొక్కింది. కొడుకులు లేని తండ్రి కూతుర్ని దేవుడి పేర విడిచిపెడితే ఆమె పుట్టింట్లోనే కొడుకు స్థానంలో ఉండేది. ఆమె పిల్లలు తాత ఇంటిపేరుతో, తాత ఆస్తికి వారసులై పెరిగేవారు. బిడ్డకు జన్మనిచ్చిన మగవాడిపై ఏ భారమూ పడేది కాదు. 1890ల ప్రాంతంలో ఫ్రెడ్ ఫాసెట్ ఈ ఆచారం గురించి రాశాడు. పిల్లలకు తాత ఇంటి నీడ దొరికినా, ఆ నీడ కోసం ఆడపిల్ల జీవితాన్ని ధారపోయడం అన్యాయం. ఇలా విడిచిపెట్టడాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లోనూ ఆంధ్రప్రదేశ్ 1988లోనూ చట్టంతో నిషేధించాయి.

కులంతోనూ పెళ్లితోనూ పని లేకుండా బిడ్డకు తిండి పెట్టమని తండ్రిని ఆదేశించే అధికారం 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మేజిస్ట్రేట్లకు వచ్చింది. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది. అదే ఏడు వచ్చిన కొత్త కోడ్‌లో 488వ సెక్షన్‌గా మారిన ఈ నియమం పెళ్లి బయట పుట్టిన బిడ్డకూ వర్తించింది. మొత్తానికి మాత్రం పరిమితి ఉండేది: మొదట నెలకు 50 రూపాయలు, 1923లో 100, 1955లో 500.

రెండో పెళ్లికి అడ్డుకట్ట ఇక్కడ దేశంలోని చాలా ప్రాంతాల కంటే ముందే పడింది. అనంతపురం అప్పటికి మద్రాసు ప్రావిన్సులో ఉండటంతో 1949 నాటి మద్రాసు ద్వితీయ వివాహ నిషేధ చట్టం ఇక్కడా అమలైంది. దేశమంతటి హిందువులకూ ఆ నిషేధం 1955లో వచ్చింది. నిషేధం వచ్చినా రెండో ఇళ్లు ఆగలేదు, వాటిలో పుట్టిన పిల్లలకు రక్షణ అవసరమైంది. 1956 హిందూ దత్తత, పోషణ చట్టం ఇలాంటి పిల్లల్నీ పోషించే బాధ్యతను తల్లిదండ్రులిద్దరిపై పెట్టింది. ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు ఆస్తి, ఆదాయం, అవసరాలతో పాటు పోషణ పొందాల్సిన వాళ్లు ఎందరో కూడా చూడాలని 23వ సెక్షన్ చెప్పింది. రెండు ఇళ్ల లెక్కకు చట్టంలో చోటు దొరికింది ఇక్కడే.

1973 కోడ్‌లోని 125వ సెక్షన్ మతంతో నిమిత్తం లేకుండా పిల్లలందరికీ వర్తించింది. అందులోని 500 రూపాయల పరిమితి కుటుంబం మొత్తానికా, మనిషికా అన్న సందేహాన్ని 1978లో రమేశ్ చందర్ కౌశల్ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది: మనిషికే. ఒక బిడ్డకు పెట్టామన్న సాకుతో మరో బిడ్డ కడుపు మాడ్చడానికి వీల్లేకుండా పోయింది. 2001లో పరిమితినే ఎత్తేశారు. ముస్లిం పిల్లలకూ ఈ హక్కు ఉందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసు స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి ఇదే నియమం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

ఆస్తి విషయంలోనూ గోడ కూలింది. చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలకు హిందూ వివాహ చట్టానికి 1976లో వచ్చిన సవరణ సక్రమ సంతానం హోదా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో వాళ్లకూ భాగం ఉందని 2023లో రేవణసిద్ధప్ప కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

వానను నమ్ముకున్న మెట్టసీమలో మిగిలిన చిక్కు ఆదాయం లెక్క. వేరుశనగ రైతుకు డబ్బు పంట చేతికొచ్చినప్పుడే వస్తుంది, కరువేడు అసలు రాదు. మనోవర్తి మాత్రం నెలనెలా కట్టాలి. 2020 నవంబరు 4న రజనీశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇరుపక్షాలూ ఆస్తి, అప్పు, ఆధారపడినవాళ్ల వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలని నిర్దేశించి, వ్యవసాయదారులకు విడిగా నమూనా కూడా ఇచ్చింది. భూమి, పంట వివరాలు అందులోనే చూపాలి. రెండిళ్ల పిల్లలకూ తండ్రి నిజమైన స్తోమతను బట్టి న్యాయం జరగాలంటే ఆ పత్రం నిజాయితీగా నింపడమే ఆధారం.