పాత కాగితపు నాణెములు: మూల్యనిర్ణయము

చిత్తూరు మండలమందలి కాణిపాకము ప్రమాణములకు బేరువడసిన క్షేత్రము. స్వయంభువగు వరసిద్ధి వినాయకుని సన్నిధిని అసత్య మాడుటకు జనులు వెఱతురు. కాణి యనగా మాగాణి భూమి యని స్థలపురాణజ్ఞులు చెప్పుదురు. తెలుగు లెక్కలలో నఱువదినాలుగవ పాలునకును నదియే పేరు. పొలమునకును పైకమునకును గల పొత్తు ఈ యొక్క శబ్దమున నిమిడియుండగా, ప్రమాణమునకును పైకమునకును గల పొత్తు కాగితపు నాణెమునందు గానవచ్చును. ఏలన, నోటనునది వ్రాతమూలకమగు ప్రతిజ్ఞయే.

1861వ సంవత్సరపు చట్టమువలన నోట్లను వెలువరించు నధికారము సర్కారునకే చెందెను. దేశము కొన్ని వలయములుగా విభజింపబడెను. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు మండల మేర్పడువఱకు ఉత్తరార్కాటులో నుండిన కాణిపాకము చెన్నపురి వలయమునకు లోబడినది. నాటి నోటును వెండిగా మార్చియిమ్మని యడుగు హక్కు ఆ వలయమునందే కలదు. ఎల్లలు దాటిన ప్రతిజ్ఞ చెల్లదు. 1903 మొదలు 1911 లోపల అయిదు, పది, ఏబది, నూఱు రూపాయల నోట్లకు మాత్ర మీ నిర్బంధము తొలగెను. కావున నేడు సంగ్రాహకుడు ముందుగా జూచునది అంకెను గాదు, ఊరిపేరును. విశాఖపట్టణము పేరుగల ఉపవలయపు నోటు చెన్నపురి నోటుకంటె విరళము.

పాణిని మూలశబ్దమునుండి మూల్యశబ్దమును సాధించుచు రెండర్థములు చెప్పెను. మూలముతో సమమైనది యొకటి. మూలముచే ఆనామ్యమైనది, అనగా మూలమునకు లాభము గూర్చునది, రెండవది. నోటుపై ముద్రితమైన వెల మొదటిది. సంగ్రాహకు డిచ్చునది రెండవది. ఈ రెంటిని గలిపివేయుటచేతనే పెక్కుమంది మోసపోవుచున్నారు.

ప్రాచీనతయే వెలకు గారణ మనుట పొరపాటు. వెండి నాణెమును గరగించినను వెండి మిగులును. నోటన్ననో సొమ్ము చెల్లినంతనే రద్దయి నశించును. నెఱవేఱిన ప్రతిజ్ఞకు జాడ యుండదు. ఏ నోటు ఎంతకాలము చెల్లెను, ఎన్ని తిరిగి రాకుండెను అనునదే ప్రశ్న. 1918 జనవరిలో వెలువడిన రెండురూపాయల యెనిమిదణాల నోటు 1926 జనవరి 1తో నిలిచిపోయెను. అల్పాయుష్కమగుటయు, వింత వెల గలదగుటయు దాని మూల్యమును బెంచినవి.

సంతకమును బరీక్షింపవలెను. రిజర్వు బ్యాంకు 1935లో నేర్పడినను, దాని మొదటి నోటు 1938 జనవరిలో వెలువడిన అయిదురూపాయలది. అందున్నది జేమ్స్ టేలరుగారి సంతకము. ప్రథమ గవర్నరగు ఆస్బర్న్ స్మిత్‌గారి సంతకముతో ఏ నోటును రాలేదు; అట్టిది చూపువాని మాట నమ్మరాదు.

మడతలు, గుండుసూది రంధ్రములు, చినుగులు వెలను దగ్గించును. ఉదికి యిస్త్రీచేసిన నోటును నేర్పరి వెంటనే పసిగట్టును. పూర్వము టపాలో దొంగల భయముచే నోటును రెండుగా గోసి, ఒక సగము చేరినట్లు జాబు వచ్చిన పిదప రెండవ సగమును బంపెడివారు. అట్లతికిన నోటును సంగ్రాహకుడు లోపయుక్త మనును. చరిత్రకారునకు మాత్ర మాయతుకే ముఖ్యము. నాటి వర్తకుల జాగ్రత్తకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు.

ఇందుకు విపర్యయమును గలదు. నైజాము ప్రభుత్వము 1918 చట్టముతో స్వంత నోట్లను నడిపెను. వానిపై ఉర్దూతోబాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులు గలవు. ఇంగ్లండున ముద్రితమైన యా నోట్లను గొనివచ్చుచున్న ‘ఈజిప్టు’ అను నోడ 1922 మే 20న ఫ్రాన్సు తీరమున మునిగెను. సుమారు పదియేండ్లకు ఇటలీవారు బంగారుతోబాటు వానిని బైకి దీసిరి. ఉప్పునీట జెడి, మరకలుపడిన యా కాగితములను సంగ్రాహకులు కోరి కొనుచున్నారు. ఇచట మరకయే చరిత్ర.

ఇంటిపెట్టెలో దొరకిన యొక్క నోటునకు లక్షలు వచ్చునని ప్రకటించి, ముందుగా రుసుము గుంజు వంచకులు బయలుదేరిరి. తన పేరును వాడుకొను నిట్టివారిని నమ్మవలదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించెను. 2016 నవంబరు 8న రద్దయిన అయిదువందల, వేయి రూపాయల నోట్ల విషయమై 2017 చట్టము మఱియు గఠినము: సామాన్యుడు పదింటికి మించి యుంచుకొనరాదు, అధ్యయన, పరిశోధన, నాణెశాస్త్ర ప్రయోజనములకై యిరువదియైదింటివఱకు మాత్రమే యుంచుకొనవచ్చును.